ఓ అప్పులవాడా, రేపు రా!

మీకు తెలుసా? పాత స్కాట్స్ భాషలో ఆలస్యానికీ అరువుకీ ఒకటే మాట. అదే ‘ఫ్రిస్ట్’! చెయ్యాల్సిన పని వెనక్కి నెడితే ఫ్రిస్ట్. సరుకు ఇవాళ పట్టుకుపోయి డబ్బు తర్వాత ఇస్తానంటే అదీ ఫ్రిస్టే. మన కొట్లలో ‘అప్పు రేపు’ అని అట్ట కట్టి వేలాడదీస్తారే, ఆ అప్పునీ ఆ రేపునీ వాళ్ళు ఒక్క మాటలో సర్దేశారు. పొదుపంటే స్కాట్లాండ్ వాళ్ళదే!

స్కాట్స్ అంటే ఇంగ్లీషును కాస్త యాసగా పలకడమే కదా అనుకుంటున్నారా? అయితే మొదటి ప్రశ్నకే సున్నా! ఇంగ్లీషుకు అది తోబుట్టువు. దాని సొంత మాటలు, సొంత సాహిత్యం, లావుపాటి సొంత నిఘంటువులు దానికున్నాయి. స్కాట్లాండ్ కొండల్లో, దీవుల్లో వినిపించే గేలిక్ వేరే కుటుంబం, దాన్ని దీనితో కలపకండి. 2022 జనగణనలో 15 లక్షల మందికి పైగా స్కాట్స్ మాట్లాడతామని రాయించుకున్నారు.

మరి ఈ భాషకు అధికార హోదా ఎప్పుడొచ్చిందో మీకు తెలుసా? స్కాట్లాండ్ పార్లమెంటు 1424 నుంచి చట్టాలు రాసుకున్నది ఈ భాషలోనే. దానికి అధికారిక హోదా ఇస్తూ చట్టం చేసింది మాత్రం 2025లో! డ్యూటీలో చేరిన ఆరొందల ఏళ్ళకు అపాయింట్‌మెంట్ ఆర్డరు చేతికొచ్చిందన్నమాట.

‘ఫ్రిస్ట్’ను కంప్యూటర్‌లో కొట్టి చూడండి. ఇంగ్లీషు ‘ఫస్ట్’లో ఐ, ఆర్ అక్షరాలు అటూ ఇటూ మారితే ‘ఫ్రిస్ట్’ అవుతుంది. అందుకే యంత్రం దీన్ని తప్పు కింద లెక్కగట్టి దిద్దేస్తుంది. ఆలస్యమని రాస్తే ‘మొదటిది’ అని దిద్దుతుంది! ఇంత కన్నా ఆశావాదిని ఎక్కడా చూడలేం.

అసలు కిటుకు ఇంకోటుంది. పాత ఇంగ్లీషులో ఈ మాట ‘ఫుర్స్ట్’, ‘ఫస్ట్’ లాంటి రూపాల్లోనే ఉండేది. అర్థం ‘కొంత కాలం’. ‘మొదటి’ అనే అర్థమున్న మాట వేరు, ఇది వేరు. పోలికలు చూసి మేనత్త కొడుకనుకున్నాం, ఊరే వేరని తేలింది!

ఇప్పుడు సముద్రం దాటుదాం. జర్మన్ భాషలో ‘ఫ్రిస్ట్’ ఇవాళ్టికీ బతికే ఉంది, పన్ను కాగితాల మీద రోజూ కనిపిస్తుంది. అక్కడ దానర్థం చెప్పుకోండి చూద్దాం! ‘ఆఖరు తేదీ’. నార్వేలోనూ అంతే. ఒకటే మాట. ఈ ఒడ్డున ‘తొందరేం లేదు, నెమ్మదిగా ఇవ్వండి’. ఆ ఒడ్డున ‘రేపటితో సరి, తర్వాత వస్తే ఊరుకోం’. మధ్యలో ఉన్నది ఉత్తర సముద్రం మాత్రమే!

ఇదెలా కుదిరిందని నోరెళ్ళబెట్టకండి. మీ నోట్లోనే అలాంటి మాట ఉంది. ‘నెల రోజులు గడువిచ్చారు’ అంటే ఊపిరి పీల్చుకుంటాం. ‘గడువు అయిపోయింది’ అంటే చెమటలు పడతాయి. రెండూ ఒకటే గడువు!

‘వాయిదా’ సంగతి మీకు తెలుసా? ఉర్దూ నుంచి మనకొచ్చిన ఈ మాటకు అరబ్బీ మూలంలో అర్థం ‘మాట ఇవ్వడం’. వాగ్దానం! అది మన దాకా వచ్చేసరికి పని వెనక్కి నెట్టడమైంది. కంతులు కట్టేవాళ్ళకు అదే మళ్ళీ కిస్తీ. మాట ఇచ్చారంటే పని తర్వాతెప్పుడో అని మనవాళ్ళు ఎంత తొందరగా కనిపెట్టారో!

జర్మన్లు ఇంకో అడుగు ముందుకేశారు. వాళ్ళకు ‘గాల్గెన్‌ఫ్రిస్ట్’ అని ఒక మాట ఉంది. విడగొడితే ‘ఉరికొయ్య గడువు’. తప్పని ముప్పుకు ముందు చిక్కే కాస్త వ్యవధిని అలా అంటారు. పరీక్ష ఒక వారం వాయిదా పడితే పిల్లలు గంతులేస్తారు చూడండి, అది అచ్చం గాల్గెన్‌ఫ్రిస్టే.

‘ఫ్రిస్ట్‌లోస్’ అనేదీ వాళ్ళదే. అర్థం ‘గడువు లేకుండా’. నోటీసు ఇవ్వకుండా ఉద్యోగంలోంచి తీసేస్తే ఆ మాటే వాడతారు. ఐస్‌లాండ్ వాళ్ళకైతే చెడ్డ పని ఎంత వాయిదా పడితే అంత మంచిదనే సామెత ఉంది. అందులో వాయిదాకు వాడిన ‘ఫ్రెస్తూర్’ కూడా ఈ కుటుంబం మాటే. మన ‘ఆలస్యం అమృతం విషం’ వాళ్ళకు చెబితే, ‘అమృతమా విషమా, ముందు ఏ పనో చెప్పండి’ అంటారేమో!

స్కాట్లాండ్ సామెత మాత్రం వేరు. ఫ్రిస్ట్ చేసినంత మాత్రాన మాఫీ చేసినట్టు కాదు అంటుంది. గడువే ఇచ్చాం, అప్పు రద్దు చెయ్యలేదు నాయనా! ఎన్నికల ముందు మన బ్యాంకు మేనేజర్లు ఈ సామెతను గోడకు రాయించుకోవచ్చు.

మీకు తెలుసా? ఈ మాటను స్వర్గం దాకా తీసుకెళ్ళిన మనిషొకడున్నాడు. శామ్యూల్ రూథర్‌ఫర్డ్, 17వ శతాబ్దపు స్కాట్లాండ్ మతగురువు. 1636లో ఆయన నోరు మూయించడానికి అబర్డీన్‌కు పంపేశారు. ప్రసంగాలు వద్దన్నారు. ఆయన ఉత్తరాల మీద పడ్డాడు! ఆ ఉత్తరాల్లో ఫ్రిస్ట్ మాట కనిపిస్తుంది. కొట్లో అరువుకు వాడే మాటతో ఆయన భక్తి ముచ్చట్లు చెప్పాడు. దేవుడి దగ్గరా ఖాతా తెరిచాడన్నమాట.

ఆ ఉత్తరాలు ఎన్నో తెలుసా? 19వ శతాబ్దంలో ఆండ్రూ బోనార్ కూర్చిన సంపుటిలో సరిగ్గా 365! రోజుకొకటి చొప్పున ఏడాది మొత్తం. లీపు సంవత్సరం వస్తే మాత్రం ఒక రోజు అరువు పెట్టుకోవాలి.

ఆయన చివరి వాయిదా ఇంకా గొప్పది. రాజుకన్నా చట్టమే పెద్దదని 1644లో పుస్తకం రాశాడు. 1660లో దాన్ని తగలబెట్టారు. ఆ తర్వాత రాజద్రోహం కింద విచారణకు రమ్మని సమన్లు పంపారు. అప్పటికాయన మంచంలో ఉన్నాడు. ఇంతకన్నా పెద్ద న్యాయమూర్తి దగ్గర్నుంచి నాకు ముందే పిలుపొచ్చింది, అక్కడికెళ్ళాలి అని జవాబిచ్చాడు. 1661లో అన్నంత పనీ చేశాడు! ఆ వాయిదా మీద అప్పీలుకెళ్ళే కోర్టు భూమ్మీద లేదు.

సరే, ఆ రోజుల్లో అప్పు గడువు దాటిపోతే ఏం చేసేవాళ్ళు? కొమ్ము ఊదేవాళ్ళు! ఇది ఛలోక్తి కాదు. అప్పు కట్టమని రాజు పేరిట ఆజ్ఞ వచ్చేది. కట్టకపోతే అధికారి ఎడిన్‌బరా సంత కూడలిలో నిలబడి మూడుసార్లు కొమ్ము ఊది, ‘వీడు రాజద్రోహి’ అని చాటేవాడు. రాజు కట్టమన్నాడు, వీడు కట్టలేదు, అంటే రాజు మాట కాదన్నట్టే కదా! ఆ పాత పద్ధతిని చట్టం పుస్తకాల్లోంచి ఎప్పుడు తీసేశారో తెలుసా? 1987లో. అప్పటికి మన పల్లెల్లో టీవీలొచ్చేశాయి.

కొమ్ము వినపడగానే అప్పులున్నవాళ్ళు ఎటు పరుగెత్తేవారో చెప్పుకోండి! హోలీరూడ్‌కి. రాజభవనం పక్కన మఠం ఉన్న ఆవరణ అది. గీత దాటి లోపలికెళ్తే అప్పు కోసం ఎవరూ పట్టుకోకూడదు. ఇప్పటికీ ఎడిన్‌బరా రాయల్ మైల్ వీధి చివర రోడ్డు మీద ఇత్తడి ‘ఎస్’ అక్షరాలు ఆ గీత ఎక్కడుందో చూపిస్తాయి. మనం కబడ్డీలో ముట్టుకునే గీత లాంటిదే, కాకపోతే ఇక్కడ కూత పెట్టేది అప్పిచ్చినవాడు!

లోపలుండాలంటే పేరు నమోదు చేయించుకుని రుసుము కట్టాలి. అప్పు ఎగ్గొట్టడానికీ ఫీజే. ఆ డబ్బులు ఎక్కడ అప్పు తెచ్చేవారో!

ఇక్కడ దాక్కున్నవాళ్ళకు జనం పెట్టిన ముద్దుపేరు ‘మఠం జమీందార్లు’. వీళ్ళ జమీందారీ తక్కువేం కాదు. పక్కనున్న ఆర్థర్స్ సీట్ కొండతో సహా పార్కంతా ఆ హద్దుల్లోనే ఉండేది. చేతిలో పైసా లేదు, షికారుకు ఒక కొండ!

మరి ఆదివారం? ఆదివారం అప్పు కోసం ఎవర్నీ అరెస్టు చెయ్యకూడదు. అందుకని ఆ రోజు దర్జాగా ఊళ్ళోకొచ్చి, బంధువుల ఇళ్ళలో భోంచేసి, అర్ధరాత్రి లోపు గీత లోపలికి పరుగో పరుగు. సిండ్రెల్లాకు అన్నయ్యలన్నమాట.

ఇక్కడ తలదాచుకున్న గొప్పవాడెవరో మీకు తెలుసా? సాక్షాత్తూ ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్! రాజవకముందు, 1796లో అప్పులవాళ్ళు తరిమితే వచ్చాడు. తర్వాత రాజయ్యాడు. 1830లో సింహాసనం పోగానే మళ్ళీ ఇక్కడికే. పాత కస్టమర్!

ఆయన్ను కూడా మించిపోయాడు రచయిత థామస్ డి క్విన్సీ, నల్లమందు అలవాటు మీద పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాయన. 1830ల్లో అప్పులు తప్పించుకోవడానికి హోలీరూడ్‌లో చేరాడు. ఊరికే కూర్చున్నాడా? లోపల కూడా అప్పులు చేశాడు! బయటి అప్పుల నుంచే ఆ గీత కాపాడుతుంది. లోపలి అప్పులకు లోపలే పట్టుకుంటారు. చివరికి దాక్కున్న చోట కూడా దాక్కోవాల్సొచ్చింది.

1880లో మామూలు అప్పులకు జైల్లో పెట్టడం ఆపేశారు. దాంతో మఠం జమీందారీకీ తెరపడింది. మన జమీందారీల కంటే చాలా ముందే!

మీకు తెలుసా? ఓవర్‌డ్రాఫ్ట్ పుట్టిల్లు కూడా ఎడిన్‌బరానే. 1728లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, విలియమ్ హాగ్ అనే వర్తకుడికి ఖాతాలో ఉన్నదానికన్నా 1,000 పౌండ్లు ఎక్కువ తీసుకోవచ్చంది. ఆ బ్యాంకు వయసు అప్పటికి ఏడాది! చంటిపిల్ల అప్పివ్వడం మొదలెట్టింది.

అదే ఏడు ఆ చంటి బ్యాంకు ఇంకో అల్లరి చేసింది. పోటీదారైన బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ నోట్లను గుట్టుగా పోగేసి, ఒక్కసారిగా తీసుకెళ్ళి ‘నాణేలివ్వండి’ అంది. పెద్ద బ్యాంకు చెల్లింపులు ఆపేసి తలుపులేసుకుంది. దెబ్బతిన్న ఆ బ్యాంకు 1730లో ఏం చేసిందంటారా? నోటు మీదే ఒక షరతు అచ్చేసింది. అడిగిన వెంటనే డబ్బిస్తాం, లేదూ మాకు ఇష్టమైతే 6 నెలల తర్వాత వడ్డీతో ఇస్తాం! నోటు మీదే ఫ్రిస్ట్. ఒకసారి ఊహించుకోండి, ఏటీఎంలోంచి వచ్చిన నోటు ‘దసరా వెళ్ళాక కనపడు’ అంటే ఎలా ఉంటుందో.

ఈ సరదా అన్ని బ్యాంకులకూ నచ్చేసింది. జనానికి నచ్చలేదు. 1765లో పార్లమెంటు ఆ షరతును నిషేధించింది.

షరతు లేకపోయినా ఉపాయాలకు లోటా? ఆ నిషేధానికి ముందే, 1750ల్లో ఎడిన్‌బరా బ్యాంకుల మనిషి గ్లాస్గో బ్యాంకుకు నోట్లు పట్టుకెళ్ళి మార్చమన్నాడు. గుమస్తాలు కాదనలేదు. ఆరు పెన్నీల చిల్లర తెచ్చారు. ఒక్కొక్క నాణెం లెక్కపెట్టారు. మధ్యలో లెక్క తప్పితే మొదట్నుంచీ. ఇలా ముప్పై పనిదినాలు దాటిపోయాయి! మన బ్యాంకుల్లో ‘సర్వర్ డౌన్’ అనే మాట వినపడగానే ఆ గుమస్తాలను ఒకసారి తలుచుకోండి.

కోర్టు గుమ్మం తొక్కకుండా ఆలస్యం కథ ముగుస్తుందా? స్కాట్లాండ్ న్యాయవాదుల నోట ‘సిస్ట్’ అనే మాట ఇప్పటికీ ఆడుతుంది. కేసును ఉన్నచోట ఆపెయ్యడం! ‘అవిజాండం’ అని ఇంకోటుంది. జడ్జిగారు తీర్పు ఇప్పుడు చెప్పకుండా, ఆలోచించి చెప్తాననడం. లాటిన్‌లో చెబితే ‘చూద్దాం లెండి’కి ఎంత గౌరవమో!

విచారణ రోజును అక్కడి కోర్టుల్లో ‘డైట్’ అంటారు. ఆ విచారణను వదిలేస్తే ‘డైట్ వదిలేశారు’ అనే రాస్తారు. పండగ పూట మనమంతా చేసే పనే, వాళ్ళ కోర్టు రికార్డుల్లోకెక్కుతుంది.

నవ్వులాటకు ఒక్క నిమిషం విరామం. మనుషుల్ని జైల్లో పెట్టి విచారణ నాన్చడాన్ని అడ్డుకుంటూ స్కాట్లాండ్ 1701లోనే చట్టం చేసింది. 1887 చట్టం ఇంకా గట్టిది. జైల్లో ఉన్న మనిషి విచారణ 110 రోజుల్లో ముగియకపోతే ఆ నేరానికి అతన్ని ఇంకెప్పటికీ అడగకూడదంది! ఈ నియమాన్ని తర్వాత సడలించారు. అయినా, ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగినవాళ్ళు ఈ పేరాను రెండుసార్లు చదువుకుంటారు. చదువుకోనివ్వండి.

ఫ్రిస్ట్ ఒక్కటేనా అనుకుంటున్నారా? స్కాట్స్ గోదాములో ఆలస్యాలు రకరకాలు. ఎవరో అడ్డం తగిలి ఆలస్యం చేస్తే ‘టేగల్’. ఇదా అదా తేలక ఊగిసలాడితే ‘స్విదర్’. చీరల కొట్లో రెండో అంతస్తంతా స్విదరే!

‘టార్టల్’ మీకు తప్పకుండా పనికొస్తుంది. ఎదురొచ్చిన మనిషిని ఎక్కడో చూశాం, పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ తడబాటే టార్టల్. పెళ్ళిళ్ళలో ‘నన్ను గుర్తుపట్టావురా అబ్బాయ్?’ అని పెదనాన్నలు పెట్టే పరీక్షకు పేరు దొరికింది, జవాబే దొరకలేదు.

‘డ్రీహ్’ అనే మాట ఇవాళ ముసురు పట్టిన దిగులు వాతావరణానికి వాడతారు. 2019లో స్కాటిష్ బుక్ ట్రస్ట్ పెట్టిన ఓటింగులో స్కాట్స్ మాటలన్నిట్లో ఇదే గెలిచింది. పాత అర్థం మీకు తెలుసా? సాగతీత! అప్పు తీర్చడంలో నత్తనడక నడిచేవాణ్ణి కూడా డ్రీహ్ అనేవారు. ఇక్కడా అప్పే! ఈ భాషలో ఏ రాయి ఎత్తినా కింద అప్పులవాడు కనపడుతున్నాడు.

మంచుకు వాళ్ళకెన్ని మాటలుంటాయి? 50? 100? గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో లెక్కతేల్చారు: 421! మూల మలుపులో గిరగిర తిరిగే మంచుకే ‘ఫీఫల్’ అని ప్రత్యేకంగా పేరుంది.

ఇన్ని మాటలున్నాక నిఘంటువు ఆలస్యం కాదా మరి! పాత స్కాట్స్ భాషకు నిఘంటువు కావాలని డండీలో పుట్టిన విలియమ్ క్రేగీ 1919లో ప్రతిపాదించాడు. మొదటి భాగం 1931లో అచ్చయింది. చివరి సంపుటి ఎప్పుడొచ్చిందో ఊహించండి. 2002లో! 12 సంపుటాలు. క్రేగీ 1957లోనే పోయాడు. ఆలస్యమనే మాటకు అర్థం రాసిన పుస్తకం, తానే పెద్ద ఉదాహరణై కూర్చుంది.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు జేమ్స్ మరీ కూడా స్కాట్లాండ్ వాడే. డెన్‌హోమ్ అనే పల్లెలో పుట్టి, 14 ఏళ్ళకే బడి మానేశాడు. 1879లో పదేళ్ళలో పూర్తి చేస్తామని ఒప్పందం. ఐదేళ్ళయ్యాక మొదటి భాగం వచ్చింది. ఎంతవరకొచ్చారో తెలుసా? ‘యాంట్’ దగ్గరికి. చీమ! మొత్తం ముగిసింది 1928లో, మరీ చనిపోయిన 13 ఏళ్ళకు.

ఇక రికార్డుల వరస, ఊపిరి బిగబట్టండి. స్కాట్లాండ్ రాజుల పట్టాభిషేక శిలను ఇంగ్లండు రాజు 1296లో ఎత్తుకెళ్ళాడు. తిరిగిచ్చెయ్యమని 1328లో రాజాజ్ఞ అయింది. చేరింది 1996లో. ఆజ్ఞకూ అమలుకూ మధ్య 668 ఏళ్ళు! ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో.

1707 మార్చి 25న స్కాట్లాండ్ పార్లమెంటు వాయిదా పడింది. 1999 మే 12న సభ్యురాలు విన్నీ యూయింగ్ అధ్యక్ష స్థానంలో నిలబడి, ఆ రోజు వాయిదా పడ్డ పార్లమెంటు ఇప్పుడు తిరిగి సమావేశమైందని ప్రకటించారు. విరామం 292 ఏళ్ళు. టీ తాగొచ్చారంతే! కొత్త భవనం కూడా మూడేళ్ళు ఆలస్యంగా 2004లో తెరిచారు. మొదట 1 నుంచి 4 కోట్ల పౌండ్లవుతుందన్నారు, 41 కోట్లు దాటింది.

ఎడిన్‌బరా ట్రాము 2011లో నడవాలి, 2014లో నడిచింది. అసలు మజా అది కాదు. ఎందుకు ఆలస్యమైందో తేల్చడానికి విచారణ వేశారు. ఆ నివేదిక 9 ఏళ్ళకు, 2023లో వచ్చింది! ఆలస్యం మీద విచారణ ఎందుకు ఆలస్యమైందో తేల్చే సంఘం ఇంకా వెయ్యలేదు, ఐడియా ఇవ్వకండి.

‘గ్లెన్ సానొక్స్’ అనే ఫెర్రీని 2017లో బాజాభజంత్రీలతో నీళ్ళలోకి దింపారు. దానికి కిటికీలు లేవు. ఉన్నట్టు కనపడాలని రంగుతో గీశారు! 2018లో ప్రయాణికుల్ని ఎక్కించుకోవాల్సిన ఆ ఓడ 2025 జనవరిలో ఎక్కించుకుంది. ఈసారి నిజం కిటికీలతోనే.

ఇన్ని ఆలస్యాలు చూసి, స్కాట్లాండ్ వాళ్ళకు టైమంటే లెక్కలేదనుకుంటే పొరపాటే. ఎడిన్‌బరా వేవర్లీ స్టేషన్ పక్కనున్న బాల్మోరల్ హోటల్ గడియారం 1902 నుంచీ 3 నిమిషాలు ముందే నడుస్తోంది, కావాలనే! జనం రైలు తప్పిపోకూడదట. కొత్త సంవత్సరం ముందు రాత్రి మాత్రం దాన్ని సరిచేస్తారు. ఆ ఒక్క రాత్రి అబద్ధమాడితే ఊరంతా ముందే ముద్దులు పెట్టేసుకుంటుంది!

అదే ఊళ్ళో కోట మీద 1861 నుంచి ఫిరంగి పేలుస్తున్నారు, ఓడలవాళ్ళు గడియారాలు సరిచూసుకోవడానికి. ఆదివారం సెలవు. పేల్చేది మధ్యాహ్నం పన్నెండింటికి కాదు, ఒంటిగంటకు. ఎందుకు గంట ఆలస్యం? ఊళ్ళోవాళ్ళు నవ్వుతూ చెప్పే లెక్క ఇదీ: పన్నెండింటికైతే పన్నెండు గుళ్ళు కాల్చాలి, ఒంటిగంటకైతే ఒక్కటి చాలు!